తూకపు రాయి

“మొహం అటు తిప్పుకుంటే తిప్పుకోండి గానీ, వేలు మాత్రం ఇటివ్వండి,” అంది ఆమె.

ఆయన వేలిచ్చి, గోడమీది క్యాలెండర్‌ని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చదవడం మొదలుపెట్టాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, రక్తపు చుక్క చూస్తే చాలు, కళ్ళు తిరుగుతాయి. ఆదివారం ఉదయం. స్టవ్ మీద పాలు, వాషింగ్ మెషిన్‌లో బట్టలు, టేబుల్ మీద కొత్తగా తెప్పించిన చిన్న మిషను. ఆమె చూపంతా మిషను మీదే ఉంది, పాలు పొంగితే పొంగాయి. అరచేతిలో పట్టే డబ్బా ఒక్క చుక్కతో మనిషి లోపలి సంగతి చెప్పేస్తుందట! చెప్పమను, చూద్దాం.

అసలు సంగతి ఏడాది కిందట మొదలైంది. ఆయనకి నీరసం పట్టుకుంది. ఆయన నీరసమంటే మాటలా? ఇల్లంతా మునివేళ్ళ మీద నడిచింది. టీవీ గొంతు తగ్గింది. అత్తగారు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి, “వాణ్ణి పడుకోనీ, లేపకు, వాడు నలిగిపోతున్నాడు,” అని చెప్పేది. పరీక్షలు చేయిస్తే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను బాగా తక్కువుందని తేలింది. డాక్టరమ్మ రెండు వారాలకో ఇంజెక్షన్ రాసింది. మూడు నెలలు తిరిగేసరికి మనిషి లేచి తిరిగాడు, స్నానాల గదిలోంచి ఈలలు కూడా వినిపించాయి. హమ్మయ్య అనుకునేలోపు రక్తం చిక్కబడింది. ఎర్రకణాలు ఎక్కువ తయారుచెయ్యమని ఆ మందు ఒంటిని తొందరపెడుతుందట. వంద పాళ్ళ రక్తంలో ఆ కణాలు ఎన్ని పాళ్ళో చెప్పే అంకె పేరు హెమటోక్రిట్. ఆయనది యాభై మూడుకి ఎక్కింది. “యాభై నాలుగు దాటితే మందు ఆపాల్సిందే. చిక్కటి రక్తం గడ్డకడితే గుండెకీ మెదడుకీ ముప్పు,” అంది డాక్టరమ్మ. అప్పటికి డోసు తగ్గించి, మూడు నెలలాగి మళ్ళీ ల్యాబుకి రమ్మంది.

ఆయన బిక్కచచ్చిపోయాడు. ఆమె మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుంది. నీళ్ళు తక్కువ తాగితే అంకె పెరుగుతుందా? గురకకీ దీనికీ ఏం సంబంధం? పెరిగిన కణాలు ఎన్నాళ్ళు బతుకుతాయి? అడుగుతుంటే ఆమెకే భలే ఉత్సాహంగా ఉంది, కాలేజీలో సైన్సు పుస్తకం మధ్యలో మూసేసి ఇన్నేళ్ళకి మళ్ళీ తెరిచినట్టు. బయటికి రాగానే ఆయన, “జబ్బు నాదా, నీదా? పరీక్షకొచ్చిన స్టూడెంటులా ఆ ప్రశ్నలేంటి?” అన్నాడు. ఆ జవాబులతోనే ఇంట్లో నోటుబుక్కు తయారైంది. తేదీ, తాగిన నీళ్ళు, బీపీ, తలనొప్పి, గురక. నీళ్ళ సీసా మీద గీతలు గీసి, ఈ గీత దాకా తాగందే ఇల్లు కదలొద్దని చెప్పింది. ఎర్రకణాలు పెంచే ఐరన్ మాత్రలు ఆయనకి కూడదన్నారని అలమరాలన్నీ గాలించి, దొరికిన ఒక్క డబ్బానీ చెత్తబుట్టలో పడేసింది. రెండేళ్ళ కిందట నెలసరి మరీ ఎక్కువవుతోందని ఎవరో డాక్టరు ఆమెకే రాసిన డబ్బా అది. సగం కూడా వాడలేదు. ఆయన పొరపాటున వేసుకుంటే కొంప మునుగుతుంది కదా.

కొలిచి రాయడం ఆమెకి కొత్తేం కాదు, చేసే ఉద్యోగమే అది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో తూకం గది ఆమెది. అక్కడందరూ ‘తూకం మేడమ్’ అంటారు. పొద్దున్నే ప్రతి కాటా మీదా కిలో ఇత్తడి రాయి పెట్టి చూస్తుంది. కాటా పది గ్రాములు తక్కువ చూపిస్తే, బాగుచేసేవాడు వచ్చేదాకా ఆ కాటా మీద తూచినదానికల్లా పది కలిపి రాస్తుంది. రాయి అబద్ధం చెప్పదు, తప్పెప్పుడూ కాటాదే. తనిఖీకి ఎవరైనా వస్తే మేనేజరు, “ఇది నేను పెట్టిన పద్ధతి,” అని నవ్వుతూ చూపించి, “మేడమ్, టీలు చెప్పండి,” అని ఆమెని బయటికి పంపిస్తాడు. టీలు చెప్పి వచ్చి, మళ్ళీ రాయి పెడుతుంది.

ల్యాబుకి ఇంకా నెల ఉందని ఆగలేక తెప్పించిన మిషను మీద హెమటోక్రిట్ అంకె పడింది. నలభై ఎనిమిది.

“చూశావా! తగ్గింది!” అని ఆయన క్యాలెండర్ వదిలేశాడు.

తగ్గితే సంతోషమే. కానీ రెండు నెలల్లో యాభై మూడు నలభై ఎనిమిదవుతుందా? నిజంగా తగ్గిందా, లేక మిషనే తక్కువ చూపిస్తోందా? ఊరికే నమ్మడం ఆమె ఒంట్లో లేదు. కాటాని సరిచూడాలంటే రాయి కావాలి. ఇంట్లో రాయెక్కడుంది? తన వేలివంక చూసుకుంది. టక్కున గుచ్చుకుంది.

ఇరవై తొమ్మిది.

ఇంకో వేలు. ముప్పై. మరో వేలు. మళ్ళీ ఇరవై తొమ్మిది. మిషనుతో వచ్చిన కాగితంలో ఆడవాళ్ళకి ముప్పై ఆరు నుంచి నలభై ఆరు ఉండాలని రాసుంది.

“నీకు ఇరవై తొమ్మిదేంటి?” ఆయన పకపకా నవ్వాడు. “ఒక్కరోజైనా పడుకున్నావా నువ్వు? గుండ్రాయిలా ఉంటావు. ఇది పనికిమాలిన మిషను.”

అత్తగారి మాటా అదే. “మా కోడలికేం, గుండ్రాయి. జలుబు కూడా దాని దగ్గరికి రావడానికి జంకుతుంది.” పదహారేళ్ళుగా విని విని ఆమె కూడా నమ్మింది. మూడో అంతస్తు ఎక్కేసరికి గుండె దడదడలాడితే వయసు అనుకుంది. ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా ఐసు ముక్కలు పరపరా నమిలితే అదో పిచ్చి అలవాటు అనుకుంది. గుండ్రాయికి జబ్బేంటి? తప్పు మిషనుదే.

ముప్పై ఆరులోంచి ఇరవై తొమ్మిది పోతే ఏడు. నలభై ఆరు దాకా ఉండొచ్చని కాగితం చెప్తున్నా, తన లెక్క అట్టడుగునుంచే వేసుకుంది. ఎందుకో మరి, అదీ అలవాటే. నలభై ఎనిమిదికి ఏడు కలిపింది. యాభై ఐదు.

పెన్ను ఆగిపోయింది. యాభై నాలుగు దాటింది! ఆయన మొహంలో నవ్వు చచ్చిపోయింది. వేళాకోళం చేసినా, విసుక్కున్నా, ఈ మనిషికేమైనా అయితే తను ఉండలేదు. క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సు, “ఈ వారం ఇంజెక్షన్ ఆపండి. తలనొప్పీ, ఛాతీలో నొప్పీ ఏమైనా వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. లేకపోతే రేపు పొద్దున్నే రండి,” అంది. ఆ రోజంతా ఆయన సోఫాలోంచి కదల్లేదు, ఆమె కూర్చోలేదు.

పొద్దున నర్సు ఆయన రక్తం తీసి లోపలికి పంపింది. ఆవిడ తలనెరిసిన మనిషి, చేతులు చకచకా ఆడతాయి. గంటలో కాగితం వచ్చింది. నలభై ఎనిమిది.

“అంటే మిషను కరెక్టే!” ఆయన ఎగిరి గంతేసినంత పనిచేసి, అప్పుడే ఫోన్ తీశాడు. “అమ్మా, ఏం లేదు, అంతా బాగానే ఉంది. మిషను మంచిదే. నీ కోడలే అనవసరంగా కంగారు పెట్టింది.”

డాక్టరమ్మ నోటుబుక్కు తిరగేస్తోంది. “ఎంత బాగా రాశావమ్మా! మరి నలభై ఎనిమిదికి కలిపిన ఈ ఏడు ఎక్కడిది?”

ఆమె ఉషారుగా చెప్పింది. పొద్దున్నే కాటా సరిచూడటం, ఇత్తడి రాయి, తక్కువైనది కలపడం. “ఇంట్లో రాయి లేదు కదండీ, అందుకని నన్నే పెట్టి చూశాను. నాకు ముప్పై ఆరైనా ఉండాలి, ఇరవై తొమ్మిదే వచ్చింది. అంటే మిషను ఏడు తక్కువ...”

మాట మధ్యలో తెగింది. మిషను కరెక్టు.

నర్సు ఆమె జాకెట్టు చెయ్యి పైకి మడిచి, రబ్బరు పట్టీ బిగించింది. సూది దిగుతుంటే ఆమె మొహం తిప్పుకోలేదు. గొట్టంలోకి ఎక్కుతున్న తన రక్తాన్ని వింతగా చూసింది. ఫ్యాక్టరీలో ఆ ఇత్తడి రాయిని ఎలా చూసుకుంటారో గుర్తొచ్చింది. మఖ్మల్ పరిచిన చెక్కపెట్టెలో పెడతారు. చెమట అంటితే బరువు మారుతుందని ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వరు. ఏడాదికోసారి రాయిని కూడా తూయించాలని రూలు. పెట్టె తీసుకెళ్ళి తూయించి, కాగితం తెచ్చి ఫైలులో పెట్టేది తనే. పదమూడేళ్ళలో ఒక్క ఏడాదీ తప్పలేదు. మరి తనని తూచి ఎన్నాళ్ళయింది?

రిపోర్టులో ఇరవై తొమ్మిదే వచ్చింది. డాక్టరమ్మ నెలసరి గురించి అడిగింది, మెట్ల గురించి అడిగింది, “ఐసు నములుతావా?” అని కూడా అడిగింది. ఐసు సంగతి ఈవిడకెలా తెలుసు? అదీ ఐరన్ తక్కువైన గుర్తేనట. తన ఒళ్ళు ఇన్నాళ్ళూ ఇన్ని విధాల చెప్తూనే ఉందా! సిగ్గేసింది, కోపమొచ్చింది, ఆ రెంటికంటే ఎక్కువగా ఇంకా ఏమేం చెప్తోందో వినాలనిపించింది. మాత్రలు రాసి, రక్తం ఎందుకు పోతోందో చూడ్డానికి స్కానింగ్ రాసింది డాక్టరమ్మ. దారిలో ఆయన, “నువ్వెప్పుడూ చెప్పలేదే,” అన్నాడు. “మీ నీరసం మీరు చెప్పారా? ఇల్లంతా చూసింది,” అంది ఆమె.

ఆదివారం వచ్చింది. ఆమె నోటుబుక్కులో ప్రతి గడినీ మధ్యకి గీత కొట్టి రెండు చేసింది. ఆయన అలవాటుగా వేలు చాచి క్యాలెండర్‌వైపు తిరిగాడు. ఆమె గుచ్చే పెన్ను ఆయన చేతిలో పెట్టి, తన వేలు ముందుకి జరిపింది.

“ముందు నాది. మీరే గుచ్చండి.”

“నేనా! నాకు కళ్ళు తిరుగుతాయని తెలుసుగా.”

“తిరగనివ్వండి. కూర్చునే ఉన్నారుగా.”

ఆయన రెండుసార్లు గుటకలు మింగాడు. అయినా గుచ్చాడు. చుక్క మిషను మీద పడేదాకా చూశాడు కూడా. అంకె పడగానే రాసే పెన్ను తీసి, ఆమె మొహంలోకి చూస్తూ ఆగిపోయాడు. “ముప్పై. ఇంకా తక్కువే ఉంది. ఏం రాయను?”

“ఉన్నది రాయండి,” అంది ఆమె. “ఏమీ కలపకుండా.”