చోటు మార్చే బీట

రోజూలాగే పొద్దున్నే తాపీ, సున్నం తట్ట పట్టుకుని మేస్త్రి చర్చిలోకి వచ్చాడు. నిన్న పూడ్చిన గోడ నున్నగా ఉంది. బీట మాత్రం బలిపీఠం వెనక్కి మకాం మార్చింది. "ఇవాళ అక్కడుంది," అంది నేల తుడుస్తున్న అవ్వ, పిల్లి సంగతి చెప్పినట్టు.

చర్చి పుట్టినప్పటినుంచీ ఆ బీట గోడల్లో తిరుగుతూనే ఉంది. మేస్త్రి ముత్తాత పునాది రాళ్లు పేర్చాడు. తాత, మధ్యలో స్తంభమన్నది లేకుండా కమాను నిలబెట్టాడు. తండ్రి గంట గోపురం కట్టి శభాష్ అనిపించుకున్నాడు. ఇతని వాటాకు మిగిలింది ఈ దిక్కుమాలిన బీట. పాతికేళ్లుగా ఇక్కడ మూస్తే అక్కడ తెరుచుకుంటోంది. ఊరివాళ్లకు అలవాటే, అది ఎటుంటే అటు బల్లలు కాస్త జరుపుకుని కూర్చుంటారు.

ఇప్పుడేమో పాత కట్టడాలన్నీ తనిఖీ చేస్తూ శుక్రవారం ఇంజనీరు వస్తున్నాడు. బీట కనిపిస్తే చర్చి పడగొట్టిస్తారని ఫాదరుగారు చెప్పారు. మూడు తరాల చెమట తన హయాంలోనే మట్టిపాలవుతుందని తలచుకుంటే మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

గురువారం సాయంత్రానికి పదకొండుసార్లు పూడ్చాడు. పదకొండోసారి అది కమాను నడినెత్తికెక్కి కూర్చుంది. మేస్త్రి తాపీ విసిరికొట్టాడు.

"నీకు ఉండటానికి ఏదో ఓ గోడ కావాలంతేగా? మా ఇంటికొచ్చి ఏడువు. దీని జోలికి మాత్రం రాకు."

మర్నాడు ఇంజనీరు గోడలన్నీ తట్టి చూశాడు. వెంట్రుకవాసి గీత కూడా దొరకలేదు. చర్చికి ఢోకా లేదని రాసి సంతకం పెట్టి వెళ్లాడు.

మేస్త్రి ఇంటికొచ్చేసరికి భార్య మొహం మాడ్చుకుని వాకిట్లో నిలబడి ఉంది. వీధి గోడకు చూరు నుంచి నేలదాకా, చెయ్యి దూరేంత బీట.

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉంది. పూడ్చెయ్యి," అంది.

"పూడిస్తే మళ్లీ అక్కడికే పోతుందే."

ఆమె విసురుగా లోపలికెళ్లి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దింది.

వారం తిరక్కుండా పొరుగూరి ఆసామి ఒకాయన, పెద్ద మేడ కట్టించాలి, మంచి మేస్త్రి కావాలంటూ వెతుక్కుంటూ వచ్చాడు. ఏడాదికి సరిపడా పని. ఆయన గుమ్మం ముందే ఆగి గోడకేసి ఎగాదిగా చూశాడు.

"ఈ గోడ ఎవరు కట్టారండీ?"

ఉన్నదంతా మేస్త్రికి నోటిదాకా వచ్చింది. చెబితే, అయితే పూడ్చి చూపించమంటాడు. పళ్లు కొరుక్కున్నాడు.

"నేనేనండీ," అన్నాడు.