ఆయన భుజాల కొలత

మా ఆయన సెలూన్ కుర్చీలో కూర్చుని, సగం గడ్డం గీయించుకుని, గుండె ఆగి పోయారు. ఏ పనీ పూర్తి చెయ్యరని పెళ్లయిన నాటి నుంచీ సాధిస్తూనే ఉన్నాను. చివరికీ అలాగే చేశారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు.

మా ఫొటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేది నేనే. "నవ్వకండి, కళ్లు చికిలించకండి, ముఖం మామూలుగా పెట్టండి" అని జనానికి చెప్పీ చెప్పీ నా ముఖమే అలా అయిపోయిందేమో. ఆడపడుచు వంటింట్లో అందరికీ వినబడేలా అంది:

"వదినది రాతిగుండె. ఒక్క చుక్క రాల్చిందా?"

అత్తగారు మోకాలు రుద్దుకుంటూ, "దానికింకా తిమ్మిరి వదల్లేదే. పట్టినప్పుడేం తెలుస్తుంది? వదిలేటప్పుడు తెలుస్తుంది" అన్నారు.

కొడుకు పోయిన ఆవిడ నన్ను వెనకేసుకొస్తున్నారని మాత్రం అర్థమైంది.

ఆయనకు మనుషుల్లేని ఫొటోలంటే పిచ్చి. ఏటా ఒక రాత్రి ఒంటరిగా ఎడారిలో పడుకుని, పొద్దుటి వెలుగు పెద్ద ఇసుక దిబ్బను సగం తెలుపు, సగం నలుపుగా కోసే క్షణం కోసం కాపు కాసేవారు. ఒకసారి మబ్బు, ఒకసారి గాలిదుమారం, ఒకసారి మొద్దు నిద్ర. ఈసారికి బ్యాగు ముందే సర్ది మంచం పక్కన పెట్టుకున్నారు. ఆయన పోయాక అది రోజూ నా బొటనవేలికి తగిలేది. విప్పి సర్దేయడం నా వల్ల కాలేదు. చివరికి భుజాన వేసుకుని బయల్దేరాను. ఆ ఒక్క ఫొటో తెస్తే ఆయన పని ఒకటైనా పూర్తవుతుంది, అప్పుడైనా నాకు ఏడుపొస్తుంది అనుకున్నాను.

రోడ్డు అయిపోయిన చోట జీపు డ్రైవరు దింపాడు, పొద్దున మళ్లీ అక్కడికే వస్తానన్నాడు.

"అక్కా, పట్టీలు బిగించుకోండి. బ్యాగు నడుం దాటి వేలాడుతోంది, వెనక్కి లాగేస్తుంది."

"ఉండనీ తమ్ముడూ."

"ఒక్కసారి లాగితే చాలు కదా!"

"ఉండనీ అన్నానా!"

పాపం, ఊరికే కసిరాను. ఆ పట్టీలు ఆయన తన భుజాలకు సరిపెట్టుకున్నవి. బకిలు ఉన్న చోట నలిగి తెల్లటి గీత పడింది. ఆయన ఒంటి కొలత ఇక అదొక్కటే మిగిలింది. చొక్కాలన్నీ ఆడపడుచు పంచిపెట్టేసింది.

ఇసుకలో ఒక అడుగు వేస్తే సగం వెనక్కి జారేది. ఫొటోలో నా అడుగులు పడకుండా దిబ్బను చుట్టి వెళ్లి, ఎదురుగా కెమెరా స్టాండు నిలబెట్టాను. చలి మొదలైంది. బిస్కెట్లు తిన్నాను, రుచి తెలియలేదు. ఎడారి అందం గురించి ఆయన గంటలు గంటలు చెప్పేవారు. చూశాను. ఇసుకే. పట్టీలో కుడిచెయ్యి దూర్చి, బ్యాగును కావలించుకుని పడుకున్నాను. ఎత్తుకుపోవడానికి అక్కడ దొంగెవడున్నాడు గనక!

మెలకువ వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. మబ్బు లేదు, గాలి లేదు. పరిగెత్తాను. వెలుగు దిబ్బ అంచును తాకింది. బటన్ మీద వేలు పెట్టాను. వేలు కదల్లేదు. కుడిచెయ్యి మొత్తం మొద్దుబారిపోయి ఉంది, ఎవరి చెయ్యో తెచ్చి నాకు తగిలించినట్టు. ఎడమ చేత్తో నొక్కుతుంటే స్టాండు కాలు ఇసుకలో దిగబడింది. ఫొటోలో దిబ్బ పక్కకి ఒరిగిపోయి పడింది. సరిచేసేలోపు నీడ కరిగి, అంతా మామూలు ఇసుక అయిపోయింది.

"ఈసారీ పూర్తి కాలేదు, చూశారా?" అన్నాను ఆయనతో, పైకే. అప్పుడూ ఏడుపు రాలేదు.

బ్యాగు ఎత్తుకుంటే చచ్చుపడిన చెయ్యి ఆపలేకపోయింది. వెనక్కి పడబోయాను. ఎండ ఎక్కుతోంది, నీళ్లు అడుగంటాయి. ఇలా అయితే రోడ్డు చేరలేను. ఎడమ చేత్తో ఒక పట్టీ లాగాను, తర్వాత రెండోది. బకిలు తెల్లగీతను వదిలి సర్రున జారింది. బ్యాగు నా వీపుకు అతుక్కుంది. ఇంత తేలికా అనిపించింది. అప్పుడు మొదలయ్యాయి వేళ్ల కొసల్లో చీమలు, చీమల వెనక సూదులు.

జీపు దగ్గర డ్రైవరు నా భుజాల వంక చూశాడు.

"బిగించారే! ఫొటో పడిందా అక్కా?"

"పడింది, వంకరగా."

నా ముఖం చూసి అతను కంగారుపడ్డాడు. "అయ్యో, దానికింత ఏడుపా? మళ్లీ రావచ్చు కదా అక్కా!"

"దానికి కాదు తమ్ముడూ," అన్నాను చెయ్యి గట్టిగా పట్టుకుని. "తిమ్మిరి వదులుతోంది."