రాయని మూడో వాక్యం

ఏడో బొమ్మ తెర మీదికి రాగానే గౌతమి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది.

కళ్యాణదుర్గంలో ఇంట్లో కూర్చుని ఆమె చేసే పని, ఒక మోటార్ల కంపెనీ పుస్తకాల్లోని బొమ్మలను చూపు లేనివాళ్ళ కోసం మాటల్లో రాయడం. ఆ మాటలను ఫోన్ చదివి వినిపిస్తుంది. ఎంత పెద్ద బొమ్మయినా రెండు వాక్యాలు మించకూడదని పైవాళ్ళ పట్టు, బొమ్మలు గీసేవాడికి లేని పిసినారితనం రాసేవాళ్ళకే. ఆరో బొమ్మ బోరు మోటారు స్టార్టర్ పెట్టె. దానికి నిన్న ఇలా రాసింది: "స్విచ్ ఆపినా ఎడమ పక్క తీగల్లో కరెంటు ఉంటుంది. కుడి పక్క తీగలు ముట్టుకోవచ్చు." ముచ్చటగా కుదిరిందని మురిసిపోయింది కూడా.

ఏడో బొమ్మ అదే పెట్టె. ఇందులో కరెంటు ఉండే తీగలు కుడి పక్కన ఉన్నాయి.

వెనక్కి వెళ్ళి ఆరో బొమ్మ తెరిచింది. ఆరో బొమ్మ అడుగున చిన్న అక్షరాలు: పెట్టె వెనక నుంచి చూసినట్టు. నిన్న వాటిని చూసింది. మూడో వాక్యం ఎందుకులే అని వదిలేసింది. పెట్టె ముందు నిలబడే మనిషికి ఎడమ కుడి అయిపోతుందని తట్టనేలేదు.

ఆమె రాతలను ముందుగా విని బాగోగులు చెప్పేది ఓబిలేష్. బెళుగుప్పలో జమాల్ బాషాతో కలిసి మోటార్ల రిపేరు షాపు నడుపుతాడు. చూపు పోయి ఆరేళ్ళయినా వేళ్ళతో తడుముతూనే పని చేస్తాడు. "రేప్పొద్దున కణేకల్ పక్క తోటలో ఇదే పెట్టె ఇప్పాల. నీ రాత వినుకుంటానే చేస్తా పాపా" అన్నాడు నిన్న. ఇప్పుడు పదకొండు దాటింది. చేలకు కరెంటు తొమ్మిదికే వస్తుంది.

ఫోన్ చేస్తే రెండుసార్లు బిజీ. మూడోసారి ఎత్తాడు.

"అన్నా! ఏ పక్కా ముట్టొద్దు! నేను రాసింది తప్పు!"

"యాడ ముట్టేది పాపా? నేను షాపులోనే ఉండా."

ప్రాణం లేచి వచ్చింది. గోడకు చేరగిలబడి దేవుడికి దండం పెట్టుకుంది.

"జొరమొచ్చి నేను పోలేదు, జమాల్ బాషాను పంపించినా" అన్నాడు ఓబిలేష్. "'పుస్తకం తీసుకపో, బొమ్మ చూసుకోవాల' అంటే, 'బొమ్మెందుకప్పా, ఆ పాప రాసింది వింటే పెట్టె కండ్ల ముందర ఉన్నట్టే ఉండాది' అన్నాడు. రెండుసార్లు విని, పుస్తకం ఈడనే పెట్టి పోయినాడు."

"ఆయనకు ఫోన్ చెయ్యన్నా, ఇప్పుడే!"

"పని అయిందేమో అడుగుదామని తొమ్మిదిన్నర నుంచి చేస్తానే ఉండా పాపా" అన్నాడు. "మోగుతాండాది. ఎత్తడం లేదు."