నాచు చారకు పైన

నీళ్ల డబ్బాలు పడవ దగ్గరే పేర్చమన్నది నిజాముద్దీన్. అవి పోయాక "ఈ ఇస్తారిగాడే ఆడ పెట్టినాడు సార్" అన్నదీ నిజాముద్దీనే. కొత్త డబ్బాలకు మంచినీళ్లు పడుతూ, పైపు పట్టుకున్న చేత్తోనే ముక్కు తుడుచుకుంటూ, ఇస్తారి పొద్దుటి నుంచి ఆ మాటే నములుతున్నాడు.

గోదావరి ఒడ్డున పుట్టినవాడు. అక్కడ వరద తీశాక తేలిన ఇసుక మళ్లీ వానలొచ్చేదాకా ఎండిన ఇసుకే. దాని మీద పుచ్చపాదులు పెడతారు, బట్టలు ఆరేస్తారు, పడుకుంటారు. సముద్రం రోజుకు రెండుసార్లు ఎగదన్నుకొస్తుందని నలభై దాటాక ఈ ఒమాన్ తీరంలో తెలిసింది. తెల్లవారి పేర్చిన డబ్బాలు, చాయ్ తాగి వచ్చేసరికి మూతలు ఊడి లోతుకు దొర్లిపోయాయి.

ఎదుటి దీవిలో తిరుగుబాటుదారులున్నారు. సాయంత్రం సుల్తాను సైన్యం పడవల మీద పోయి దాన్ని పట్టుకోవాలి. ఉత్త రాతి దీవి, గుక్కెడు నీళ్లు దొరకవు. నీళ్లు పోగొట్టినవాడే నీళ్ల వెంట పోవాలని ఆఫీసరు తేల్చేశాడు.

"నా కాయితంల ఒడ్డు మీద కూలి అని ఉన్నది నిజాం భాయ్. లడాయిల కూలి అని లేదు."

"దించేది, అదే పడవెక్కి వచ్చేది. అంతే కదబ్బా" అన్నాడు కడప నుంచి వచ్చిన తోటి కూలీ నిజాముద్దీన్. "నీ వంతు చాపల పులుసు తీసిపెడతాలే."

"తీస్తవ్. నడుమ ముక్క నువ్వు తిని తోక నాకు పెడ్తవ్. నాకెర్క లేదా."

నిజాముద్దీన్ నవ్వాడు. ఇస్తారి నవ్వలేదు. ఇంకో నెలకు కాంట్రాక్టు అయిపోతుంది. తిరుగు పడవ అందుకుంటే పెళ్లాం లస్మవ్వ దగ్గరికి పోతాడు. ఆ దీవి ఎవరిదైతే అతనికేమిటి.

ఇస్తారి ఎక్కిన నీళ్ల పడవ దీవి చేరేసరికి, ముందు పడవల్లో పోయిన సిపాయిలు అప్పటికే ఇసుకంతా పరుచుకుని రాళ్ల చాటున బోర్లా పడుకుని ఉన్నారు. గుట్ట మీద ఒక్క తుపాకీ ఇంకా ఆగి ఆగి పేలుతోంది. పడవ ముందు తలుపు ఇసుక మీద వాలింది.

"కినారే పే ఫేంకో, వాపస్ ఆవ్" అన్నాడు పడవ నడిపే సరంగు. అంచున పడేసి వచ్చెయ్యమని. తుపాకీ కింద పడవ ఎంతోసేపు నిలపడు.

ఇస్తారి రెండు డబ్బాలు అంచున దించాడు. ఇసుక తెల్లగా, పొడిగా ఉంది. కాస్త పైన, ఇసుకకు అడ్డంగా ఎండిన నాచు చార. పొద్దున సముద్రం అక్కడిదాకా వచ్చి పోయింది. దానికి పైన చాటు లేదు. పక్క రాయి వెనక సుల్తాను సైన్యంలోని బలూచీ సిపాయి ఒకడు పొడి నాలుకతో పెదాలు తడుపుకుంటున్నాడు.

"ఈడ పెడ్తే రాత్రికి మల్లా పోతయ్ర బై" అన్నాడు ఇస్తారి. సిపాయికి తెలుగు రాదు.

ఇస్తారి నిజాముద్దీన్‌ను ఇంకోసారి తిట్టుకుని, డబ్బాలు ఎత్తుకుని నాచు చార దాటాడు. మళ్లీ దిగాడు, మళ్లీ ఎక్కాడు. పరుగెత్తలేదు, నిండు డబ్బాలతో ఇసుకలో పరుగు రాదు. సరంగు హారన్ కొట్టాడు. ఇస్తారి చెయ్యి ఊపి, మిగిలిన జత అందుకుని పైకి పోయాడు. గుట్ట మీది తుపాకీ మళ్లీ పేలింది.

వాటిని కూడా వరసలో దించి, ఆ వరసకే వీపు ఆనించి కూర్చున్నాడు. అలసిపోయాడనుకున్నాడు సిపాయి. హారన్ ఇంకో రెండుసార్లు మోగింది. సిపాయి పాక్కుంటూ వెళ్లి భుజం పట్టి కదిపి, పడవ వైపు తిరిగి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

పడవ వెనక్కి జరిగింది. సముద్రం నాచు దాకా వచ్చి, దాన్ని తడిపి, ఆగింది.

ఇవతలి ఒడ్డున నిజాముద్దీన్ తిరిగొచ్చిన పడవెక్కి చూశాడు. డబ్బాలు తీసిన ఇనుప నేల మీద, ఏట్లో దిగేవాడు విప్పినట్టు, టైరు చెప్పుల జత పక్కపక్కనే ఉంది, మడమల దగ్గర ఒక పక్కకు అరిగి.