ఏసేపు సారు పుస్తకంలో పిచ్చి అక్షరాలు

ఆలూరు బస్టాండుకు ఎదురుగా స్తుతికి చిన్న డీటీపీ గది ఉండేది. పెళ్లి పత్రికలు, ఎరువుల అంగళ్ల కరపత్రాలు, కాలేజీ పిల్లల బయోడేటాలు ఆమె పని. 2003 అక్టోబరులో ఒక శనివారం పొద్దున షట్టరెత్తి, కంప్యూటర్ ఆన్ చేసి, ఏసేపు సారు పుస్తకం ఫైలు తెరిచింది. తెర మధ్యలో చిన్న డబ్బా ఒకటి వచ్చి నిలబడింది. మెమరీ చాలడం లేదు, అడిగిన ఫాంటును చూపలేను అని ఇంగ్లీషులో రాసి ఉంది.

స్తుతి ఓకే నొక్కింది. డబ్బా పోయింది. దానితో పాటు నూట ముప్ఫై పేజీల తెలుగు కూడా పోయింది. ఆ చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు, చుక్కలు, ఎవరో కళ్లు మూసుకుని మీటలన్నీ బాదినట్టు పేజీల కొద్దీ ఉన్నాయి. మూసి మళ్లీ తెరిచింది. మిషన్ ఆపి మళ్లీ వేసింది. అదే డబ్బా, అవే పిచ్చి అక్షరాలు.

ఆమె అరచేతులు చల్లబడ్డాయి. వేరే పని ఏదైనా అయితే కాగితం చూసి మళ్లీ కొట్టుకోవచ్చు. ఈ పుస్తకంలో చాలా భాగానికి కాగితమే లేదు.

ఏసేపు సారు ముప్ఫై నాలుగేండ్లు బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆలూరుకు ఏడు మైళ్ల దూరంలో ఉన్న తమ ఊరి చర్చికి నూరేండ్లు నిండుతున్నాయని, దాని చరిత్ర రాయాలని పూనుకున్నాడు. నాలుగు అధ్యాయాలు నోటుబుక్కులో రాసేసరికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి మూడు నెలలుగా రోజూ పది గంటల బస్సుకు వచ్చి, స్తుతి పక్కన కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఆమె కొట్టేది. ఎవరు రాళ్లు మోశారు, ఎవరు సున్నం నూరారు, బావి తవ్వినప్పుడు ఎన్ని బారల లోతున నీళ్లు పడ్డాయి, అన్నీ.

ఇంకొక సంగతి కూడా స్తుతికి గుర్తుకొచ్చింది. ఫోటోలు చేర్చినాక ఫైలు లావెక్కి ఫ్లాపీలో పట్టలేదు. ఐదో అధ్యాయం నుంచి ఆమె ఫ్లాపీలో నకలు వేయడమే మానేసింది. సారు అడిగినప్పుడల్లా మాత్రం, "వేసినా సార్" అనేది.

పది గంటల బస్సు వచ్చింది. సారు కర్ర ఆనించుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"ఏం పాపా, మొగం అట్లుండాది? కరెంటు పోయినాదా?"

అవునని చెబితే పూట గడిచిపోయేది. నోటిదాకా వచ్చిన ఆ మాటను స్తుతి మింగేసి, తెరను ఆయన వైపు తిప్పింది. జరిగింది చెప్పింది. ఫ్లాపీ సంగతి కూడా దాచకుండా చెప్పింది.

సారు కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"బావి తవ్వినోళ్ల పేర్లు యాడుండాయి?"

"ఏడో అధ్యాయంలో సార్."

"అవి నాకు చెప్పిన హనుమన్న పోయిన నెలే కాలం చేసె కదమ్మా."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది స్తుతికి. లేచి పక్కనున్న గాజులంగడికి పరుగెత్తింది. అంగడి రాజ్యలక్ష్మమ్మది. ఆ వరుసలో ఫోన్ ఉన్నది ఆమె దగ్గరే. కర్నూలులో కంప్యూటర్లు రిపేరు చేసే రాఘవేంద్రప్రసాద్‌కు ఫోన్ కలిపింది. ఆయన అంతా విని, "మిషన్ ముందర కూర్చోని మాట్లాడమ్మా. నేను అడిగేవి నువ్వు చూసి చెప్పల్ల" అన్నాడు.

ఫోన్ వైరు గుమ్మం దాటి రాదు. రాజ్యలక్ష్మమ్మ రిసీవరు లాక్కుంది. "నువ్వు పోయి కూర్చో పాపా. ఆయన చెప్పేది నేను అరుస్తా. అప్పా, నిదానంగా చెప్పు, నాకు ఇంగిలీసు రాదు."

గోడకు అటు ఆమె, ఇటు స్తుతి. మధ్యలో గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఏసేపు సారు.

"పుస్తకం మూసెయ్యమంటాండాడు! మూసేటప్పుడు సేవ్ అని అడిగితే వద్దను అంటాండాడు!"

స్తుతి వద్దు అని నొక్కింది. పొద్దున కంగారులో అవును అని నొక్కబోయి ఆగింది తానే. నొక్కి ఉంటే ఆ పిచ్చి అక్షరాలే ఫైలులో నిలిచిపోయేవేమో.

"కొత్తది ఒకటి తెరిచి, తెలుగులో నీ పేరు కొట్టమంటాండాడు!"

కొట్టింది. తెర మీద రెండు కామాలు, ఒక డాలరు గుర్తు పడ్డాయి.

"దీంట్లోనూ పిచ్చి అక్షరాలే అక్కా!"

రాజ్యలక్ష్మమ్మ ఆ మాట ఫోన్లో చెప్పి, కాసేపు విని, తన గుమ్మంలోంచి ఇటు తొంగి చూసింది. ఆమె మొహం విప్పారింది. "అయితే బతికినారు అంటాండాడు. కొత్తదాంట్లో గూడా అట్లే వస్తే తప్పు మిషన్‌దంట, పుస్తకానిది కాదంట. అక్షరాలు యాడికీ పోల్యాదంట. చూపించేదానికే దానికి శక్తి చాల్యాదంట."

ఏసేపు సారు కర్రను రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టి, తల దాని మీద ఆనించాడు. ఆయన భుజాలు సడలడం స్తుతి చూసింది.

ఆ తర్వాత గంటసేపు ఇటు ప్రశ్న, అటు జవాబు. హార్డ్ డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూస్తే మూడు ఎంబీలే మిగిలాయి. ఫైలు తెరిచి ఉండగా కరెంటు పోయిన ప్రతిసారీ తాత్కాలిక ఫైలు ఒకటి లోపల మిగిలిపోయేదట. అట్లాంటివి వందల కొద్దీ పోగుపడి ఉన్నాయి. ఆలూరులో కరెంటు రోజుకు నాలుగు మార్లు పోతుంది మరి. అన్నీ తీసేసింది. మిషన్ ఆపి వేసింది. మళ్లీ అదే డబ్బా. సారు వైపు చూడకుండా మళ్లీ కేకేసింది.

"ఫాంట్లు ఎన్నుండాయో లెక్కబెట్టమంటాండాడు!"

ఫోల్డరు తెరిచింది. అడుగున అంకె చూసి తనే నమ్మలేకపోయింది. "ఆరువందల నలభై అక్కా!"

ఈసారి రాఘవేంద్రప్రసాద్ నవ్వు రిసీవరులోంచి గుమ్మం దాకా వినబడింది. ముహూర్తాలు దగ్గరపడ్డాయని, పత్రికలకు రకరకాల అక్షరాలు కావాలని, నిన్న సాయంత్రం ఒక సీడీలో ఉన్న ఫాంట్లన్నీ స్తుతి ఎక్కించుకుంది. ఆ ముసలి మిషన్‌కు ఉన్నదే ముప్ఫై రెండు ఎంబీల మెమరీ. ఆరువందల నలభైనీ మోసుకుంటూ లేచేసరికే దానికి ఊపిరి ఆడటం లేదు. పుస్తకానికి కావలసిన ఫాంటు చూపడానికి చోటే మిగల్లేదు.

ముప్ఫై ఫాంట్లు ఉంచి, తక్కినవి వేరే ఫోల్డరులోకి మార్చింది. మిషన్ ఆపి, పదంకెలు లెక్కబెట్టి, మళ్లీ వేసింది. ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. చిన్న గడియారం గుర్తు చాలాసేపు తిరిగింది. డబ్బా రాలేదు.

తెలుగు వచ్చింది. మొదటి పేజీ, రెండో పేజీ, వరసగా.

"ఏడో అధ్యాయం తియ్యి" అన్నాడు సారు. ఆమె కిందికి జరిపింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎడమచేతి వేలు తెర మీద పెట్టి ఒక్కొక్క పేరే పైకి చదివాడు. పెద్ద ఈరన్న, దాసన్న, బసవన్న, లేవి. పదకొండు పేర్లూ ఉన్నాయి. రాజ్యలక్ష్మమ్మ గాజుల చేతులతో చప్పట్లు కొట్టి, "ఉండాయప్పా, అన్నీ ఉండాయి!" అని ఫోన్లో అరిచింది.

స్తుతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "తప్పు నాదే సార్. వేసినానని అబద్ధం చెప్పినా."

"చెప్పినావు. మల్లా నువ్వే నిజం గూడా చెప్పినావు" అన్నాడు సారు. "ఇంగ ఫ్లాపీలు తియ్యి. నా ముందరనే వెయ్యి."

ఫోటోలను వేరు చేసి, అధ్యాయానికి ఒక ఫైలుగా విడగొట్టింది. ఇప్పుడు ప్రతిదీ ఇట్టే తెరుచుకుంటోంది. రెండు జతల ఫ్లాపీలు తయారయ్యేసరికి మూడు గంటలైంది. ఒక జత సారు సంచిలో పెట్టుకున్నాడు. రెండో జత తన ఇంట్లో బీరువాలో, పట్టుచీరల నడుమ పెడతానని రాజ్యలక్ష్మమ్మ చెయ్యి చాపింది. ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో పాటలుండాయా సార్?" అని అడిగింది.

"పేర్లుండాయమ్మా. మా ఊరి బావి తవ్వినోళ్లవి."

ఆమె తల ఊపి, వాటిని కొంగులో జాగ్రత్తగా చుట్టుకుంది.

సారును మూడున్నర బస్సు ఎక్కించి వచ్చి, స్తుతి కుర్చీలో కూలబడింది. అన్నం క్యారియరు పొద్దున పెట్టిన చోటే ఉంది. మూత తీసేసరికి, ఆ రోజు మొదటిసారి ఆమెకు ఆకలి తెలిసింది.