కినకో ఉపవాసం

పొద్దున దండం, మధ్యాహ్నం కత్తి. ఆ రోజు నాకు తిక్క రేగడానికి ఈ ఒక్క ఏర్పాటు చాలు. మా పరిశోధన కేంద్రం వెనక ఒక రాయి ఉంది. మా చేతుల్లో పోయిన కోతుల జ్ఞాపకానికి నిలబెట్టిన రాయి. ఏటా చలి మొదలయ్యే ముందు ఒక రోజు అందరం నల్లబట్టలు వేసుకుని దాని ముందు నిలబడతాం. ఊళ్ళోంచి బౌద్ధ సన్యాసి వచ్చి సూత్రాలు చదువుతాడు. ఒక్కొక్కరం ఒక తెల్ల చామంతి పెట్టి తల వంచుతాం. అంతవరకు నాకు పేచీ లేదు. చంపిన చేతులు ఏడాదికోసారైనా జోడించాలి. కానీ అదే రోజు మధ్యాహ్నం ఇంకొకదాన్ని బల్ల మీద పడుకోబెట్టాలని పెట్టుకుంటారా ఎవరైనా?

మా కేంద్రం నడిపే గురువు గారు, ముగురుమా సెన్సేయి, పెట్టుకున్నారు. మెదడు తీసి కోసే బృందం ఒసాకా నుంచి రావాలి, వాళ్ళకు ఈ రోజే కుదిరింది, తప్పితే మళ్ళీ వసంతంలోనే అన్నారు. “కార్యమూ పనీ ఒకే రోజు పడితే ఇంకా మంచిదే కదా, కురెబయాషీ” అని నవ్వారు కూడా. నేను పశువైద్యురాలిని. మత్తు ఇచ్చేది నేను. నాకు నవ్వు రాలేదు.

ఆ బల్ల ఎక్కాల్సింది కినకో. కినకో అంటే వేయించిన సోయా పిండి. ఒంటి రంగు చూసి మా సహాయకుడు తొమోదా పెట్టిన పేరు. కాగితాల మీద దానికి అంకె ఉంది గానీ, అంకెతో పిలిస్తే అది తల తిప్పదు. మేమే మందు ఎక్కించి దానికి పార్కిన్సన్ జబ్బు తెచ్చాం. పండు ముక్క నోటి దాకా తీసుకెళ్ళలేక, వంగిపోయి, గోడకేసి చూస్తూ అది కూర్చున్న రోజులు నేను చూశాను. తర్వాత గాజు పళ్ళెంలో పెంచిన కణాలను దాని మెదడులో నాటాం. మెల్లమెల్లగా వణుకు తగ్గింది. ఇప్పుడు వేరుశనగ గింజ మీది ఎర్ర పొట్టు కూడా గోటితో ఒలుచుకుని తింటుంది.

ఇక తేలాల్సింది ఒకటే. నాటిన కణాలు బుద్ధిగా కుదురుకున్నాయా, గడ్డ కట్టే దారిలో ఉన్నాయా? అది మెదడును పలచటి పొరలుగా కోసి చూస్తే తప్ప తెలియదు. అంటే బాగైన కోతి నిజంగానే బాగైందని చూపించడానికి దాన్ని చంపాలి. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నా నాకు అలవాటు కాలేదు.

ఆ పొరలు మంచి కబురు చెబితే మనుషులకు ఆ కణాలు నాటడానికి అనుమతి వస్తుంది. మొదటి జట్టులో ఇకెగామి గారి పేరుంది. స్టేషను ముందు వీధిలో మంగలి దుకాణం ఆయనది. చెయ్యి వణకడం మొదలయ్యాక మూసేశారు. రోగుల సంఘం తరఫున ఏటా రాయి ముందు పువ్వు పెట్టడానికి వస్తారు. డెబ్భై నిండినవాళ్ళను ఆ జట్టులోకి తీసుకోరు. ఆయనకు జనవరిలో నిండుతాయి. ఈ మధ్యాహ్నం జారిపోయి వసంతానికి పడిందంటే ఆయన ఆశ అక్కడితో సరి. ఇది సెన్సేయికి తెలుసు, నాకు తెలుసు. కోతుల పరీక్ష ఒకటి మిగిలి ఉందని ఆయనకూ తెలుసు గానీ, ఏ కోతో, ఏ రోజో తెలియదు. చెప్పొద్దని సెన్సేయి అన్నారు.

పొద్దుటి నుంచే కినకో పంజరానికి బోర్డు వేలాడుతోంది. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. దానికి ‘ఆహారం నిషేధం’ అని పొడిగా ఒక ఆసుపత్రి మాట ఉంది. తొమోదా ఆ మాట రాయలేదు. ఎర్ర సిరాతో, గుండ్రటి దస్తూరీతో ‘ఉపవాసం’ అని రాశాడు. అది గుళ్ళో మాట. సన్యాసులు దీక్షలో ఉన్నప్పుడు వాడే మాట.

“ఏమిటీ వెటకారం?” అన్నాను.

“వెటకారం కాదండీ. ‘నిషేధం’ అని రాయడానికి చెయ్యి రాలేదు. కార్యం రోజు కూడా ఆ మాటేనా?” అన్నాడు తొమోదా, నా వైపు చూడకుండా.

మార్చమనే లోపు సన్యాసి కారు వచ్చేసింది. అందరం రాయి దగ్గరికి పరిగెత్తాం.

కార్యం జరుగుతున్నంతసేపూ నా కాలు ఒక చోట నిలవలేదు. గడియారం చూస్తున్నాను, మందు మోతాదు మనసులో లెక్క వేస్తున్నాను, మళ్ళీ గడియారం చూస్తున్నాను. ఇకెగామి గారు పువ్వు పట్టుకుని నడిచి వెళ్ళి రాయి మీద పెట్టేసరికి సగం రేకులు దారిలోనే రాలిపోయాయి. “దారి పొడుగునా చల్లుకుంటూ వచ్చాను లెండి” అన్నారు సన్యాసితో. సూత్రం మధ్యలో సన్యాసికి నవ్వు ఆగలేదు.

అయిపోయాక రాయి ముందు పెట్టిన పళ్ళు తలా కాస్త పంచారు. ఒసగారి అంటాం దాన్ని. పోయినవాళ్ళకు పెట్టింది ప్రసాదమై మనకు దిగి వస్తుంది, బతికున్నవాళ్ళు తినాలి. నేను తినలేదు, కోటు జేబులో వేసుకున్నాను.

“ఇకెగామి గారు ఎప్పటి నుంచో కోతిని చూపించమంటున్నారు. ఇవాళ చూపించు” అన్నారు సెన్సేయి. గొంతు తగ్గించి, “రేపైతే చూపించలేం కదా” అన్నారు.

గౌను, మాస్కు, రెండు జతల గ్లవ్స్, ముఖానికి ప్లాస్టిక్ తెర. అన్నీ నేనే తొడిగాను. ఆయన చేతులు ఒక చోట ఉంటే కదా.

“ఈ వేషంలో వెళ్తే మా ఆవిడ తలుపు తీయదు” అన్నారు. “అది సరే గానీ డాక్టరమ్మా, నీ జుట్టు ఎవరు కత్తిరించారు?”

“స్టేషను పక్క మాల్‌లో.”

“తెలుస్తూనే ఉంది. వాళ్ళకంటే నా వణికే చెయ్యే నయం.”

ఆయన్ని పంజరం ముందు నిలబెట్టాను. కినకో ముందుకు వచ్చి ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. తర్వాత తన తొడ మీద వెంట్రుకలు పాయలు తీసి, ఒక్కొక్క పొలుసూ ఏరుకోవడం మొదలుపెట్టింది.

“ఇదేనా మా అక్క?”

“అక్కా?”

“నాకంటే ముందు ఈ దారిన వెళ్ళింది కదా. అక్కే.” ఆయన దాని వేళ్ళనే చూస్తున్నారు. “ఏం చేతులు డాక్టరమ్మా! ఆ చేతికి నా కత్తి ఇచ్చేయొచ్చు. ఇది కూడా నాలాగే వణికేదా?”

“మీకంటే ఎక్కువ.”

“నాక్కూడా ఇలా అవుతుందా?”

“అవ్వొచ్చు.”

“ఊరంతా గీసిన వాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ గీస్తోంది నా గడ్డం, ముల్లంగి చెక్కినట్టు. ఒక్కసారి నా గడ్డం నేను గీసుకుంటే చాలు. అంతకు మించి ఏమీ వద్దు.”

నేను జవాబు చెప్పకముందే ఫోన్ మోగింది. ఒసాకా వాళ్ళు వెనక గేటు దగ్గర ఉన్నారు, తాళం తీయాలట. తొమోదా బల్ల సర్దుతున్నాడు. “ఆ స్టూలు మీద కూర్చోండి, దేన్నీ ముట్టుకోకండి” అని చెప్పి పరిగెత్తాను.

తిరిగి వచ్చి తలుపు తీయగానే వాసన తగిలింది. కమలాపండు వాసన. కినకో ఆఖరి తొన నోట్లో వేసుకుని వేళ్ళు నాక్కుంటోంది. కింద తొక్కలు.

“ఏమిటిది?”

“ఒసగారి” అన్నారాయన, కళ్ళ నిండా వెలుగు. “గౌను కింద దాచి తెచ్చాను, తిట్టకు. నేనెలాగూ ఒలుచుకోలేను. అక్క చకచకా ఒలిచేసుకుంది. నువ్వు చూడాల్సింది!”

“బోర్డు చూడలేదా?”

“ఎందుకు చూడలేదు? వణికేది చెయ్యి, కళ్ళు కాదు. ఉపవాసం అని ఉంది. పోయినవాళ్ళ కోసం వీటి చేత కూడా ఉపవాసం చేయిస్తున్నారు, ఎంత మంచివాళ్ళు అనుకున్నాను. కార్యం అయిపోయింది కదా, ఇంక విడవాలి. ఒసగారితో కాక దేనితో విడుస్తాం?”

 నా గొంతు అదుపు తప్పింది.

“అది దీక్ష కాదు! మత్తు కోసం! ఇంకాసేపట్లో దీన్ని...”

అక్కడ ఆగాను. కానీ ఆయన మంగలి కుర్చీ వెనక నిలబడి జీవితమంతా మనుషులు మింగేసిన మాటలు విన్న మనిషి.

“ఈ అక్కనేనా?”

“అవును.”

“ఇవాళేనా?”

“ఇవాళే. కడుపు నిండి ఉంటే చేయకూడదు. ఆ బృందం సాయంత్రమే వెళ్ళిపోతుంది, మళ్ళీ వసంతంలో గానీ రాదు.”

ఆయన మాస్కు వెనక ‘జనవరి’ అనే మాట కదిలింది, బయటికి రాలేదు. స్టూలు పట్టుకుని కిందికి వంగారు. తొక్కలు ఏరడం మొదలుపెట్టారు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారుతోంది.

“ఎవరు చూశారు డాక్టరమ్మా? నువ్వూ నేనూ. ఇవి నా జేబులో పోతాయి. బుల్లి పండు. దాని పొట్టలో ఎంత చోటు పడుతుంది?”

నాకు ఊరుకోవాలనే ఉంది. ఒట్టు, ఊరుకోవాలనే ఉంది. ఆ తొక్కలు నేనే ఏరి చెత్తబుట్టలో పడేసి, సూది పట్టుకుని రావడానికి ఎంతసేపు? ఒసాకా వాళ్ళు అప్పుడే నడవాలో పెట్టెలు దొర్లిస్తున్నారు.

“మత్తులో కక్కిందనుకోండి, అది గొంతుకు అడ్డం పడి మెదడుకు గాలి అందదు” అన్నాను. “తర్వాత ఆ మెదడులో ఏది చెడి కనిపించినా, కణాల వల్ల చెడిందో కమలాపండు వల్ల చెడిందో మేం చెప్పలేం.”

“కక్కకపోతే?”

“కక్కకపోవచ్చు.”

“మరింకేం?”

“ఖాళీ కడుపుతోనే ఉందని నేను నా నోటితో చెప్పాలి. నేను చెప్పిందే నమ్మి రేపు మనుషుల తలలు తెరుస్తారు. మొదటి తల మీదే.”

“నా తల నేను ఇస్తానంటున్నాగా! నీకెందుకు?” ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. కినకో వెనక్కి గెంతింది.

“మీ వెనక ఇంకా ఉన్నారు ఇకెగామి గారూ. మీ సంఘం వాళ్ళే. వాళ్ళ తలలు మీరు ఇవ్వలేరు.”

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. ప్లాస్టిక్ తెర వెనక కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోబోతే చెయ్యి వెళ్ళి తెరకు తగులుతోంది. నాకూ ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం, తొమోదా దస్తూరీ మీద కోపం, ఈ రోజు కుదిర్చిన సెన్సేయి మీద కోపం. అన్నీ కలిపి ఏం చేసుకోను?

“ఆకలిగా చూసింది” అన్నారు కాసేపటికి. “నా వైపు చెయ్యి చాపింది. ఎవరైనా పెడతారు కదా?”

“పెడతారు.”

“నువ్వైనా?”

“నేనైనా.”

ఫోన్ తీసి సెన్సేయికి చెప్పాను. కినకో తినేసింది, ఇవాళ కుదరదు.  “ఎవరు పెట్టారు?” అన్నారు. ఇకెగామి గారు పెట్టారని తెలిస్తే ఆయన్ని ఈ గేటు లోపలికి మళ్ళీ రానివ్వరు. “నా కాపలాలో తింది, పూచీ నాదే” అన్నాను. ఫోన్ పెట్టేశారు. నడవాలో పెట్టెల చప్పుడు ఆగింది, తర్వాత వచ్చిన దారినే వెనక్కి మళ్ళింది. ఆ చప్పుడు గేటు దాటిపోయేదాకా ఇకెగామి గారు వింటూనే ఉన్నారు.

“అయితే అక్క ఇవాళ్టికి బతికినట్టేనా?”

“వసంతం దాకా.”

“నాకోసం కాదన్నమాట ఇంక. ఇంకెవరి కోసమో.”

కింద మిగిలిన తొక్క ఒకటి నేను ఏరాను.

ఆయన గౌను కిందికి చెయ్యి పోనిచ్చి తడుముకున్నారు. “మా ఆవిడ వంతు కూడా ఇచ్చారు. ఎలాగూ చెడింది కదా డాక్టరమ్మా. ఇదీ తిననీ.”

సరేనన్నాను. ఆయన రెండో పండు పట్టుకుని పంజరం దగ్గరికి వెళ్ళారు. తిండి పెట్టే కంత చిన్నది. పండు ఇనుప చువ్వకు తగిలి ఇటు, తగిలి అటు. ఎంత బిగబట్టినా చెయ్యి ఆయన మాట వినడం లేదు. కినకో తల వాల్చి కాసేపు ఆ తంటా చూసింది. తర్వాత కంతలోంచి ఒక చెయ్యి బయటికి చాపి ఆయన మణికట్టు పట్టుకుంది.

నేను ఆయన్ని వెనక్కి లాగేయాలి. నియమం అదే. లాగలేదు.

అది గట్టిగా పట్టుకుని ఆయన చెయ్యి కదలకుండా ఆపింది. రెండో చేత్తో, తొందర లేకుండా, పండు తీసుకుంది. తీసుకున్నాక కూడా ఆ మణికట్టు వదల్లేదు.

“చూడు డాక్టరమ్మా” అన్నారాయన, ఊపిరి బిగబట్టి. “ఆగింది.”