ముప్పై ఒక్క సుద్దగీతలు

పెళ్లయి నలభై రోజులు. ఇప్పటికీ నిద్ర లేవగానే చేతికి ఆకుపచ్చ గాజులు కనిపిస్తే, ఇవి ఎవరివబ్బా అనుకుంటాను. సిరిసిల్లలో మా అత్తగారింట్లో పొద్దున్నే సాంచాలు మొదలవుతాయి. ఆ మరమగ్గాల మోతకు గోడమీది అద్దం సన్నగా వణుకుతుంది, అందులో నా బొట్టు కూడా. నూలు నూగు ఎండలో తేలుతూ వచ్చి మా ఆయన సాయిచంద్ కనుబొమ్మల మీద వాలుతుంది. దాన్ని ఊదడం నా పని. అందుకోసమే బీఎస్సీ చదివాననిపిస్తుంది.

ఆ రోజు మాత్రం ఊదబుద్ధి కాలేదు. మామ కొమురెల్లి రెండు రోజులుగా జావ ముట్టడం లేదు.

మా పెళ్లైన పదో రోజున ఆయనకు కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. అన్నవాహికలో క్యాన్సర్ ఉన్న భాగం తీసేసి, కడుపును పైకి లాగి కుట్టారు. గిన్నెడు ఒక్కసారే తినలేరు. నాలుగు చెంచాల చొప్పున రోజుకు ఏడెనిమిది సార్లు తాగాలి. మొన్న రిపోర్టు వచ్చింది. ముప్పై ఒక్క లింఫ్ గ్రంథులు తీశారని సాయిచంద్ చదివాడు. అప్పటినుంచే మామ నోరు మూసుకున్నారు.

అత్త లస్మవ్వ గిన్నె పట్టుకొని ఆయన పక్కన కూర్చుంది. "రెండు చెంచలు తాగుర్రి. కోడలు చేసింది. గీపారి ఉప్పు గూడ సక్కగ పడ్డది."

"వద్దు. సోమవారం కరీంనగర్ గూడ రాను. పోరన్ని పరేషాన్ చెయ్యకుర్రి."

"ఏమైంది మామా?" అన్నాను.

ఆయన పక్కనున్న బట్ట తాను మీద చెయ్యి వేశారు. "జూడు బిడ్డా. చెకింగ్ చేసెటోడు తప్పు దొరికిన కాడల్లా సుద్దతోని గీత పెడ్తడు. పది గీతలైతే తాను వాపస్. నా లోపట డాక్టర్ ముప్పై ఒకటి పెట్టిండు. వాపస్ వచ్చిన బట్టకు ఇస్త్రీ ఎందుకు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రిపోర్టు తెచ్చి ఆయన ముందు కూర్చున్నాను.

"గవి తప్పులు గావు మామా. గా గ్రంథులు అందరికుంటయి. నాకున్నయి, అత్తకున్నయి."

"నాకెందుకున్నయే?" అత్త మెడ తడుముకుంది.

"ఉండాలె అత్తా. రోగం పక్కకు పాకితే ముందుగాల వాటిలకే పోతదట. అందుకే తీసి ఒక్కొక్కటి పరీక్ష చేసిండ్రు. ముప్పై ఒకటి చూసిన చోట్లు మామా. గీత పడ్డది రెండింటికే."

"రెండా?"

"రెండే. మిగిలిన ఇరవై తొమ్మిది శుభ్రం. మూడు చోట్లనే విప్పి చూసి తాను బాగున్నదంటే మీరు నమ్ముతరా?"

"ఎట్ల నమ్ముత? తప్పంత నడిమిట్లనే ఉంటది."

"మరి ముప్పై ఒక్క చోట్ల చూసినోన్ని?"

సాంచాల మోత గదిలో నీళ్లలా నిండింది. కిటికీ ఎండలో నూగు మెల్లగా తిరుగుతోంది. ఇల్లంతా ఎక్కడికో తేలిపోతున్నట్టుంది.

"గా రెండు?"

"తీసేసిండ్రు. ఇంక యాడన్న నూలుపోగంత మిగిలితే అని మందు ఎక్కిస్తరట. సోమవారం గందుకే."

"మల్ల రాదు గదా?"

ఒక తియ్యటి అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "రాదని ఎవ్వరు చెప్తలేరు మామా. వస్తదని గూడ చెప్తలేరు. చూసుకుంట ఉంటమన్నరు."

ఆయన తానును నిమిరారు, అంచు నుంచి అంచుదాకా.

"రెండు గీతల తాను నాది ఎన్నడు వాపస్ రాలే," అని గిన్నె కోసం చెయ్యి చాపారు. ఒక చెంచా నోట్లో పెట్టుకొని చాలాసేపు మింగారు. అత్తా నేనూ ఆ గొంతునే చూస్తున్నాం.

"ఉప్పెక్కువైంది."

"అయితే అయింది, తాగుర్రి!" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

"సాయీ!" మామ కేక వేశారు. "సోమవారం కరీంనగర్ బస్సు ఎన్నింటికిరా?"

సాయిచంద్ పరుగెత్తుకొచ్చాడు, కనుబొమ్మల నిండా నూగుతో. అందరి ముందే ఊదేశాను. మామ గిన్నెలోకి తల వంచుకుని రెండో చెంచా ముంచారు.